వెబ్‌సైట్ మూల నుంచి పలకరింపు: చాట్‌బాట్ తెలుగులో సంబోధన, కర్తృత్వం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్‌సైట్‌కు చాట్‌బాట్ విడ్జెట్‌ను చేర్చడం సాంకేతికంగా చిన్నపని. భాషాపరంగా అది పెద్ద మార్పు. అంతవరకు ప్రకటనగా ఉన్న పుట ఆ క్షణం నుంచి ఎదుటి మనిషితో మాట్లాడడం మొదలుపెడుతుంది. తెలుగులో ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు సంబంధం తేలాలి. సంబోధన, క్రియాంతం, మేము–మనం భేదం ఆ సంబంధాన్ని ప్రతి వాక్యంలోనూ బయటపెడతాయి. ఆంగ్ల మూలం నుంచి దిగిన చాట్‌బాట్ వాక్యాలు ఈ అవసరాన్ని గుర్తించడం లేదనీ, ఆ లోపం శైలికి మాత్రమే చెందినది కాదనీ, మాటకు బాధ్యులెవరన్న ప్రశ్నతో ముడిపడి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చాట్‌బాట్, విడ్జెట్, సంబోధన, మధ్యమపురుష, వ్యావహారిక భాష, కర్తృత్వం, మాండలికాలు.

1. ఉపోద్ఘాతం

ఒక వెబ్‌సైట్‌కు చాట్‌బాట్‌ను చేర్చాలంటే సేవను అందించే సంస్థ ఇచ్చిన కొన్ని పంక్తుల స్క్రిప్టును పుట చివర అతికిస్తే చాలు. పుట తెరుచుకోగానే ఆ స్క్రిప్టు తన సంస్థ సర్వర్ నుంచి మిగతా సరంజామాను తెచ్చుకుంటుంది. కుడివైపు కింది మూలన గుండ్రని గుర్తు ఒకటి తేలుతుంది. దాన్ని తాకితే చిన్న కిటికీ తెరుచుకుని పలకరింపు వాక్యం కనిపిస్తుంది. రంగు, పేరు, బొమ్మ, తొలివాక్యం, అర్థం కానప్పుడు చెప్పవలసిన వాక్యం – ఇవన్నీ అమరికల పుటలో నింపే గడులు. భాష కూడా అలాంటి ఒక గడే. జాబితాలో 'తెలుగు' అన్నచోట నొక్కితే, ఆంగ్లంలో ముందే తయారై ఉన్న వాక్యాలు తెలుగు లిపిలోకి మారతాయి.

ఇందులో విమర్శకులకు పనేముందన్న సందేహం రావచ్చు. వెబ్‌పుటలోని తెలుగు స్వభావతః నోటీసుబోర్డు తెలుగు. 'దరఖాస్తులకు చివరి తేదీ ఫలానా' అన్న వాక్యం ఎవరినీ నువ్వు అనదు, మీరు అనదు. అది ప్రథమపురుషలో నిలిచి, చదివేవారు పండితులైనా పామరులైనా ఒకే దూరం పాటిస్తుంది. విడ్జెట్ చేరగానే అదే సమాచారం ఉత్తమ, మధ్యమ పురుషల మధ్యకు వచ్చిపడుతుంది. మాట్లాడుతున్నదెవరు, వింటున్నదెవరు, వారిద్దరికీ మధ్య ఉన్న మర్యాద ఏమిటి అన్నవి వెంటనే తేలవలసిన విషయాలవుతాయి. వీటిని తెలుగు వ్యాకరణం వాయిదా వేయనివ్వదు.

2. ఎలిజా, సర్వనామం

చాట్‌బాట్‌ల చరిత్రను సాధారణంగా 1966లో ప్రచురితమైన 'ఎలిజా' వివరణ నుంచి మొదలుపెడతారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ దీన్ని రూపొందించాడు. బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకంలో పూలమ్ముకునే అమ్మాయి పేరు దీనికి పెట్టాడు. మాటతీరు మారితే మనిషి అంతస్తు మారినట్టు లోకం నమ్ముతుందన్నది ఆ నాటకంలోని వ్యంగ్యం. అది తొలిసారి రంగస్థలమెక్కిన 1913 ప్రాంతంలోనే ఇక్కడ గిడుగు, గురజాడ వ్యావహారికభాష కోసం వాదిస్తూ ఉండడం యాదృచ్ఛికమే అయినా గుర్తుంచుకోదగినది. రెండుచోట్లా ప్రశ్న ఒక్కటే: ఎవరి మాటకు మర్యాద?

ఎలిజా 'డాక్టర్' స్క్రిప్టు మానసిక వైద్యుడి పాత్ర వహించి, ఎదుటివారి వాక్యంలో ఒక కీలకపదాన్ని పట్టుకుని, సర్వనామాలను తిప్పి, అదే వాక్యాన్ని ప్రశ్నగా అప్పగించేది. ఆంగ్లంలో ఆ తిప్పుడు సులభం. 'నేను' స్థానంలో మధ్యమపురుష సర్వనామం ఒక్కటి చేరిస్తే సరిపోతుంది. తెలుగులో ఇదే ప్రయత్నం చేసి చూస్తే చిక్కు తెలుస్తుంది. 'నేను అలసిపోయాను' అన్న వాక్యాన్ని తిప్పి అడగాలంటే 'అలసిపోయావా' అనాలా, 'అలసిపోయారా' అనాలా అన్న నిర్ణయం ముందే జరగాలి. సర్వనామాన్ని వదిలేసినా క్రియాంతం దాచదు. మీరు, నువ్వు తప్ప తటస్థమైన మధ్యమపురుష తెలుగులో లేదు. 1960లో బ్రౌన్, గిల్మన్ యూరపు భాషల సర్వనామాలను అధికారం, సాన్నిహిత్యం అనే రెండు కొలతలతో వివరించారు. తెలుగులో ఆ రెండు కొలతలకు వయసు, బంధుత్వం, ప్రాంతం కూడా తోడవుతాయి.

ప్రభుత్వ, వ్యాపార చాట్‌బాట్‌లు 'మీరు' ఎంచుకోవడం సరైనదే. అయితే తెలుగు మర్యాద బహువచనంతోనే పూర్తికాదు. గ్రామ కార్యాలయంలో ఒక ఉద్యోగి వృద్ధురాలితో 'చెప్పు పెద్దమ్మా' అంటే క్రియ ఏకవచనంలో ఉన్నా అందులో అగౌరవం లేదు. బంధువాచకం ఆ లోటును పూడ్చి, పైగా దగ్గరితనాన్ని చేర్చింది. అదే ఉద్యోగి ఒక యువ ఇంజనీరుతో ఏకవచనంలో మాట్లాడితే తగవవుతుంది. యంత్రానికి ఎదుటివారి వయసు తెలియదు, ముఖం తెలియదు. తెలిసినట్టు నటిస్తూ 'అమ్మా', 'అన్నా' అని పిలిపించడం కొందరు నిర్మాతలకు ఆత్మీయతగా తోచవచ్చు. అది లేని బంధుత్వాన్ని కల్పించి పని జరుపుకోవడమే. యంత్రానికి 'మీరు' చాలు, వరసలు అక్కర్లేదు.

ఎలిజా కేవలం వాక్యాలను తిప్పుతోందని తెలిసి కూడా వైజెన్‌బామ్ కార్యదర్శి దానితో ఏకాంతంగా మాట్లాడుకోవడానికి ఆయనను గది బయటకు వెళ్లమని కోరింది. ఈ అనుభవాలు ఆయనను కలవరపరిచాయి. 1976లో వెలువరించిన గ్రంథంలో ఆయన తన రంగంపైనే విమర్శకు దిగాడు. మాట వినిపిస్తే దాని వెనుక మనిషిని ఊహించుకోవడం మానవ స్వభావం. అందువల్ల విడ్జెట్‌లోని తెలుగు ఎంత సహజమైతే ఈ భ్రమ అంత పెరుగుతుందన్న చిక్కు కూడా ఉంది. సహజత్వాన్ని కోరే విమర్శ దీన్ని దాటవేయకూడదు.

3. పలకరింపు వాక్యం

చాట్‌బాట్ తెలుగుకు నమూనాగా తీసుకోదగిన వాక్యం ఇది: 'హలో! నేను మీకు ఎలా సహాయపడగలను?' 'హలో' తప్ప పదాలన్నీ తెలుగువే, వ్యాకరణ దోషం లేదు. అయినా తెలుగువారు ఒకరినొకరు ఇలా పలకరించరు. దుకాణంలో 'ఏం కావాలండీ?' అంటారు. కార్యాలయంలో 'ఏం పనిమీద వచ్చారు?' అంటారు. ఈ రెండింటిలోనూ ప్రశ్న వచ్చినవారి అవసరం గురించి. అనువాద వాక్యంలో ప్రశ్న మాట్లాడేవారి సామర్థ్యం గురించి.

అంతకన్నా లోతైన ఇబ్బంది 'ఎలా', 'గలను' కలిసిన చోట ఉంది. తెలుగులో ఉత్తమపురుష సామర్థ్యార్థక క్రియ ప్రశ్నార్థక పదంతో కలిస్తే చాలా సందర్భాల్లో వ్యతిరేకార్థమే స్ఫురిస్తుంది. 'నేనేం చేయగలను?' అంటే ఏమీ చేయలేనని. 'నేనెలా ఇవ్వగలను?' అంటే ఇవ్వలేనని. నోటిమాటలో కాకువు ఈ భేదాన్ని చూపిస్తుంది. తెరమీది అక్షరాలకు కాకువు లేదు. ఆంగ్లం తెలిసిన నగరవాసి మూలవాక్యాన్ని మనసులో చదువుకుని సరిపెట్టుకుంటాడు. తెలుగు మాత్రమే చదివే పాఠకురాలికి ఈ పలకరింపు ఆఫీసుల్లో తరచుగా విన్న నిస్సహాయపు జవాబును గుర్తు చేసే ప్రమాదముంది. స్వాగతించవలసిన వాక్యం సాగనంపే వాక్యంలా వినిపించడం చిన్న లోపం కాదు.

తరువాతి మెట్టులో 'దయచేసి దిగువ ఎంపికల నుండి ఒకదాన్ని ఎంచుకోండి' వస్తుంది. ఎంపిక నుంచి ఎంచుకోవడం పునరుక్తి. 'దయచేసి' సంగతి వేరు. అభ్యర్థన భావాన్ని తెలుగు క్రియ తన 'అండి' తోనే చెబుతుంది, అవసరమైతే 'కాస్త', 'కొంచెం' చేర్చుకుంటుంది. ప్రతి విధ్యర్థకం ముందూ 'దయచేసి' పెట్టడం వల్ల మర్యాద పెరగదు. బతిమాలుతున్నట్టో, రైల్వే ప్రకటనలానో ఉంటుంది. 'వీటిలో మీకు కావలసినది తాకండి' అంటే ఏ లోటూ లేదు. ఇక ముగింపులో 'మంచి రోజు గడపండి' అన్న దీవెన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తెలుగువారు వీడ్కోలులో 'వెళ్లొస్తాను' అంటారు. ఎక్కడికీ వెళ్లని యంత్రం ఆ మాట అనలేదు కనుక 'మంచిదండి' అని ఊరుకోవడం ఉత్తమం.

బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్తలు పాత్రికేయులకు శిక్షణనిచ్చిన కాలంలో అనువాద వాసనపై జరిగిన చర్చ తెలుగు శాఖలకు పరిచితమే. పత్రికలకు ఉపసంపాదకులు ఉన్నారు, తప్పు మరునాడైనా సవరించబడేది. విడ్జెట్ వాక్యానికి ఉపసంపాదకులు లేరు. ఒక సంస్థ అమరికల్లోని ఒక్క తెలుగు వాక్యమే దాని సేవ వాడే సైట్లన్నిటిలోనూ కనిపిస్తుంది.

4. నేను, మనం, అది

ఆంగ్లంలోని ఉత్తమపురుష బహువచనం శ్రోతను కలుపుకున్నదీ లేనిదీ చెప్పదు. తెలుగులో 'మేము' అంటే శ్రోతకు చోటులేదు, 'మనం' అంటే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన వాట్సాప్ పాలనకు 'మన మిత్ర' అని పేరు పెట్టింది. అది వెబ్‌సైట్ మూలన ఉండే విడ్జెట్ కాకపోయినా సంభాషణ స్వభావంలో అదే కోవకు చెందుతుంది. ఆ పేరులోని 'మన' పౌరుణ్ణీ ప్రభుత్వాన్నీ ఒకే పక్షాన నిలిపే మాట. ఇలాంటి పేరు పెట్టుకున్న ఏ వ్యవస్థకైనా ఒక పరీక్ష ఎదురవుతుంది: పేరులో 'మన' అని, జవాబుల్లో 'మేము మీ అర్జీని పరిశీలిస్తున్నాము' అంటే పక్షం మారిపోతుంది. 'మన' అన్న మాట చివరి వాక్యందాకా నిలుస్తుందా అన్నది చూడవలసిన సంగతి.

లింగం విషయంలో తెలుగు కొంత అదృష్టవంతురాలు. హిందీలో ఉత్తమపురుష క్రియ కూడా లింగాన్ని చెబుతుంది కాబట్టి చాట్‌బాట్ స్త్రీయా పురుషుడా అన్నది తొలి వాక్యంలోనే తేలాలి. తెలుగులో 'చెబుతాను' అంటే ఆ చిక్కులేదు. అయితే భారతీయ సంస్థలు తమ చాట్‌బాట్‌లకు ఈవా, దిశ వంటి స్త్రీల పేర్లనే ఎక్కువగా పెట్టడం కనిపిస్తుంది. సేవ చేసే గొంతు స్త్రీది కావాలన్న ఊహ దీని వెనుక ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చేసిన మహద్, అమహద్ విభాగాన్ని ఇక్కడ తలచుకోవచ్చు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోపాటు నడుస్తాయి. 'దిశ జవాబు చెప్పింది' అన్నప్పుడు మాట్లాడింది అమ్మాయా, యంత్రమా అన్నది క్రియ చెప్పదు. స్త్రీవాద విమర్శ చాలాకాలంగా వేలెత్తి చూపుతున్న ఈ వ్యాకరణాంశం యంత్రానికి ఆడపేరు పెట్టినవారికి అయాచితంగా కలిసివచ్చింది.

5. అడిగేవారి తెలుగు

ఇంతవరకు చెప్పినది యంత్రం మాట గురించి. అసలు పరీక్ష అడిగేవారి మాట దగ్గర జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వ పి.ఎం. కిసాన్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా రైతు బ్యాంకు ఖాతాలో చేరతాయి. ఆ పథకం వివరాలు చెప్పడానికి 2023 సెప్టెంబరులో 'కిసాన్ ఈ-మిత్ర' అనే చాట్‌బాట్‌ను ప్రవేశపెట్టారు. మొదట కొద్ది భాషలతో మొదలైన ఆ సేవ తరువాత తెలుగు సహా 11 భాషలకు విస్తరించింది. రైతు తనకు రావలసిన విడత సంగతి అడగడానికి ఆ గుర్తును తాకుతాడు. అతడు వాడే తెలుగు ఏమిటి?

అధికార భాషలో ఆ సొమ్ము 'జమ' అవుతుంది. వాడుకలో అది 'పడుతుంది'. 'రైతు డబ్బులు పడలేదు', 'ఈసారి పడలే', 'పోయిన విడత పడ్డయి, ఇది రాలే' – ఇవి రాష్ట్రాలనుబట్టి, జిల్లాలనుబట్టి మారుతూ ఊరూరా వినిపించే వాక్యాలు. 'పడు' ధాతువును నిఘంటువులోని తొలి అర్థంతో ఆంగ్లంలోకి తిప్పి, అక్కడ జవాబు వెతికి, మళ్లీ తెలుగులోకి తెచ్చే వ్యవస్థ అయితే డబ్బు నేలమీద పడలేదని అర్థం చేసుకునే అవకాశముంది. భూమి కౌలుకు ఇచ్చినవారు, గుత్తకు తీసుకున్నవారు, పాలుకు చేసేవారు అడిగే ప్రశ్నల్లో ఆ మూడు మాటలకూ మూడు వేర్వేరు హక్కులున్నాయి. ఒకే ఆంగ్లపదం కిందికి వాటిని చేర్చితే జవాబు తప్పుతుంది, నష్టం రైతుది.

లిపి సమస్య ఇంకొకటి. చరవాణిలో చాలామంది తెలుగును రోమన్ లిపిలో రాస్తారు. అందులో ట, త లకు ఒకే అక్షరం; ళ, ల లకు ఒకే అక్షరం; దీర్ఘాన్ని ఒకరు రాస్తారు, ఒకరు రాయరు. పాట, పాత ఒకటైపోతాయి. తన భూమి పట్టా కాగితం జాడలేదని చెప్పదలచిన తెలంగాణ రైతు 'పట్టా పత్తా లేదు' అని రోమన్ లిపిలో రాస్తే తెరమీద ఒకే పదం రెండుసార్లు కనిపిస్తుంది. మనిషి ఈ వాక్యాన్ని నవ్వుకుంటూ చదివేస్తాడు. యంత్రానికి ఇది పొరపాటున రెండుసార్లు కొట్టిన పదం. 'క్షమించండి, మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు' అన్న వాక్యం అప్పుడు వస్తుంది. రెండుమూడుసార్లు అదే జవాబు విన్న మనిషి తప్పు యంత్రానిదని అనుకోడు. తన తెలుగే సరిగా లేదనుకుంటాడు. వ్యావహారిక భాషోద్యమం వందేళ్ల కిందట తొలగించాలని చూసిన న్యూనతే ఇది, ఇప్పుడు తెరమీదినుంచి తిరిగి వస్తోంది.

6. కర్త ఎవరు?

'మీ అభ్యర్థన నమోదు చేయబడింది.' విడ్జెట్‌లలో తరచుగా కనిపించే ఈ 'బడు' ప్రయోగం తెలుగు వ్యవహారంలో అరుదన్నది అందరికీ తెలిసినదే. దీన్ని 'మీ అర్జీ నమోదైంది' అని మార్చితే తెలుగుదనం వస్తుంది. కర్త మాత్రం రాదు. ఎవరు నమోదు చేశారు, ఏ కార్యాలయంలో, ఎప్పటిలోగా ఎవరు జవాబివ్వాలి అన్నవి రెండు వాక్యాల్లోనూ లేవు. శైలి సంస్కరణ ఒక్కటే చాలదనడానికి ఇది నిదర్శనం. తెలుగులో 'చాటు' అంటే మరుగు అనీ, ప్రకటించు అనీ రెండర్థాలున్నాయి. చాట్‌బాట్ విషయంలో రెండూ ఒకేసారి వర్తిస్తాయి: మాట చాటుతున్నది యంత్రం, చాటున ఉన్నది సంస్థ.

ఈ చాటును ఒక న్యాయనిర్ణయం తొలగించిన సందర్భముంది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, మరణించిన బంధువు కోసం ప్రయాణించేవారు రాయితీకి తరువాత కూడా దరఖాస్తు చేసుకోవచ్చని ఒక ప్రయాణికుడికి చెప్పింది. సంస్థ నియమం అందుకు భిన్నం. సొమ్ము తిరిగి అడిగితే సంస్థ నిరాకరించింది. వివాదం బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్‌కు చేరినప్పుడు చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యత వహించే వేరొక ఉనికి అన్నట్టుగా సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. చాట్‌బాట్ వెబ్‌సైట్‌లో ఒక భాగమేననీ, స్థిరమైన పుటలో ఉన్నా చాట్‌బాట్ చెప్పినా తన సైట్‌లోని సమాచారానికంతటికీ సంస్థే బాధ్యురాలనీ తేల్చింది. నష్టపరిహారం, వడ్డీ, రుసుములు కలిపి చెల్లించవలసినది 812 కెనడా డాలర్లు. మొత్తం స్వల్పమే. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే చాట్‌బాట్ కరణం మాత్రమే, కర్త కాదు అన్నది ఆ తీర్పు సారం. సుత్తి దెబ్బకు సుత్తిని నిలదీయరు.

కరణం ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న. విడ్జెట్ స్క్రిప్టు మరొక సంస్థ సర్వర్ నుంచి వస్తుందని ముందే చెప్పుకున్నాం. అడిగేవారు రాసే మాటలు, ఆధార్ సంఖ్యతో సహా, అక్కడికి చేరే వీలుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గానీ ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలంటోంది. అందులో తెలుగు ఉంది. పలకరింపు తెలుగులో ఉండి, నోటీసు మాత్రం ఆంగ్లంలోనే ఉండే విడ్జెట్ ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధం.

7. చిలుక పని

పెద్ద భాషా నమూనాలను 2021లో ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ మొదలైన పరిశోధకులు చిలుకలతో పోల్చారు. అర్థం తెలియకుండా పదాల సంభావ్యతను బట్టి పలుకుతాయన్నది ఆ పోలికలోని ఆక్షేపణ. తెలుగు సాహిత్యంలో చిలుక అంత అమాయకురాలు కాదు. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో చిలుక కథలు చెప్పడానికి కారణం వినోదం కాదు. ఇల్లు దాటబోయే స్త్రీని రాత్రికి రాత్రి ఇంట్లోనే ఆపడం. వ్యాపార విడ్జెట్ ప్రయోజనం కూడా తరచుగా ఇదే. సందర్శకుడు పుట విడిచిపోకముందే పలకరించి, ఫోన్ నంబరు తీసుకుని, మాటల్లో నిలపడం. పుట తెరిచిన కొద్ది క్షణాలకే అడగకుండా తెరుచుకునే కిటికీకి ఇంతకు మించిన వివరణ లేదు. పౌరసేవల వెబ్‌సైట్లు ఈ వ్యాపార అమరికను ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవడం అసంగతం. పింఛను వివరం కోసం వచ్చినవారిని ఎవరూ ఆపనక్కర్లేదు. పని ముగించి తొందరగా పంపాలి. 'మనిషితో మాట్లాడాలి' అన్న మీట మూడు విఫల ప్రశ్నల తరువాత కాకుండా తొలి తెరలోనే ఉండాలి, ఆ మనిషి అందుబాటులో ఉండే వేళలతో సహా.

ఇందులో తెలుగు శాఖలు చేయగలిగిన పని నిర్దిష్టంగానే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల నుంచి, పనిచేసేవారి నోటినుంచి సేకరించింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఒకే పనికి, ఒకే పనిముట్టుకు ప్రాంతాన్నిబట్టి ఎన్ని పేర్లున్నాయో అవి చూపుతాయి. చాట్‌బాట్ నిర్మాణ వేదికలు చాలావాటిలో ఒక్కో భావనకు పర్యాయపదాలు చేర్చడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. దాన్ని ఇప్పుడు నింపుతున్నది ఎక్కువగా ఆంగ్ల పర్యాయపదాల అనువాదాలతో. ఆ సంపుటాల్లోని పదాలకు బ్యాంకు, పట్టా, పింఛను, విడతలకు సంబంధించి గత అరవై ఏళ్లలో పుట్టిన వాడుకను చేర్చి, రోమన్ లిపిలోని రూపభేదాలతో సహా జిల్లాలవారీగా సేకరించడం ఒక పరిశోధక విద్యార్థి నాలుగేళ్లలో చేయగల పని.